తలకెక్కని టోపీలు: 24 ఫ్లీస్ టోపీల ఆర్డరు మీద ఒక కేస్ స్టడీ

ఆర్డరు చిన్నదే. విశాఖపట్నంలో ఒక కుట్టు కేంద్రానికి వచ్చింది. 3 నుంచి 6 ఏళ్ళ లోపు పిల్లలు 24 మంది చలికాలంలో లంబసింగి, అరకు చూడ్డానికి వెళ్తున్నారు. తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి పడే చోటు కాబట్టి అందరికీ ఫ్లీస్ (మెత్తని నూగు గుడ్డ) టోపీలు కావాలన్నారు. పిల్లలు వేసుకోనని మొరాయించకుండా వాటికి జంతువుల చెవులు, మొహాలు పెట్టమన్నారు. ఎలుగుబంటి 8, నక్క 8, పిల్లి 8. కుట్టినవాళ్ళేమీ కొత్తవాళ్ళు కారు. జాకెట్లు, స్కూలు యూనిఫాంలు ఏళ్ళ తరబడి కుడుతున్న చేతులే. అయినా టోపీలన్నీ తిరిగొచ్చాయి.

తిరిగొచ్చిన సరుకును బల్ల మీద పరిచి చూస్తే లోపాలు ఏడు రకాలు. పిల్లి టోపీలు ఎనిమిదీ తలకెక్కలేదు. ఎలుగుబంటి టోపీలు ఎక్కాయి గానీ లాగి పెట్టేసరికి కింది అంచు దారం టప్పున తెగింది. నక్క టోపీల అంచు అలలు అలలుగా లేచింది. నక్క చెవులు వెనక్కి వాలిపోయాయి. 24 టోపీలకూ నడినెత్తిన మొన తేలింది, ఆ మొన లోపల గట్టి ముడిలా గుచ్చుకుంది. నల్ల ఫ్లీస్ మీద మూతి చుట్టూ మెరిసే మచ్చలు పడ్డాయి. కళ్ళకు గుండీలు కుట్టారు, అది మూడేళ్ళ పిల్లల టోపీకి పనికిరాదు.

ఏడు లోపాలకు ఏడు వేర్వేరు కారణాలు వెతకనక్కర్లేదు. గుండీల సంగతి పక్కన పెడితే మిగతావన్నీ పాప్లిన్, కాటన్, టెరికాటన్ కుట్టే అలవాట్లను ఫ్లీస్ మీద యథాతథంగా వాడడం వల్ల వచ్చినవే. ఆ గుడ్డల మీద మంచి పనితనం అనిపించుకునేవే ఇక్కడ ఎదురు తిరిగాయి. సన్నని కుట్టు, నీటుగా ఇస్త్రీ, గట్టి మడత, పొడుగు వైపే నిలువు అనుకోవడం, అన్నీ అంతే.

గుడ్డ సంగతి

ఫ్లీస్ మగ్గం మీద నేసింది కాదు, అల్లింది. పాలిస్టర్ దారాన్ని బనియన్ గుడ్డలాగే ఉచ్చులుగా అల్లి, సన్నని తీగల బ్రష్షులతో రెండు వైపులా నూగు లేపి, ఆ నూగును సమంగా కత్తిరిస్తారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్‌లో అప్పట్లో ఉన్న మాల్డెన్ మిల్స్ 1980 ప్రాంతంలో దీన్ని బజారుకు తెచ్చింది. అల్లిన గుడ్డ కాబట్టి కోసిన చోట పోగులు ఊడవు. అందుకే కోసిన అంచును లోపలికి దాచాల్సిన పనే లేదు. ఈ ఒక్క సౌకర్యాన్ని సరిగ్గా వాడుకుంటే సగం కుట్టు తగ్గుతుంది. అల్లిక వల్లే ఇది పన్నా (గుడ్డ వెడల్పు) వైపు బాగా సాగుతుంది, పొడుగు వైపు పెద్దగా సాగదు.

టోపీలకు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) రకం సరిపోతుంది. 100 రకం పల్చన, చెవులు నిలబడవు. 300 రకంలో కుట్ల దగ్గర దళసరి భరించలేం, మామూలు ఇంటి మెషిను మూలుగుతుంది. ఈ ఆర్డరుకు కొన్నది 200 రకమే, పన్నా 150 సెం.మీ. ఎలుగుబంటికి నలుపు, నక్కకు నారింజ, పిల్లికి బూడిద రంగు ఒక్కో మీటరు, మూతులకు, లోపలి చెవులకు పాల తెలుపు పావు మీటరు. ఎంపిక బాగుంది. అర మీటరులో 4 టోపీలు, వాటి చెవులు ఇమిడిపోతాయి కాబట్టి కొలతా సరిపోయింది.

ఎలుగుబంటికి గోధుమ రంగు బదులు నలుపు తీసుకోవడం కూడా మంచి ఆలోచన. మన అడవుల్లో తిరిగే ఎలుగుబంటి నల్లగానే ఉంటుంది, మూతి తెల్లబారి ఉంటుంది. గోధుమ రంగుది బొమ్మల దుకాణం ఎలుగుబంటి. నలుపుతో చిక్కల్లా నూగు, దారపు తుక్కు కనబడడమే.

తలకెందుకు ఎక్కలేదు

బూడిద రంగు టోపీ అంచు చుట్టుకొలత టేపుతో కొలిస్తే 50 సెం.మీ. ఉంది. నలుపుదీ అంతే. ఒకే పేపర్ ప్యాటర్న్, ఒకే కొలత. నలుపు ఎక్కి, బూడిద ఎక్కకపోవడానికి కారణం కొలతలో కాదు, ముక్క పరిచిన దిక్కులో ఉంది.

మూడు గుడ్డలూ మీటరు పొడుగు, మీటరున్నర పన్నా. అంటే పన్నాయే పెద్ద వైపు. నలుపు, నారింజ గుడ్డలకు పక్క అంచుల్లో చిల్లుల వరస మిగిలి ఉంది, కాబట్టి దిక్కు తెలిసింది. బూడిద ముక్కకు కొట్టువాడు ఆ అంచులు కోసేసి ఇచ్చాడు. చీర ముక్కయినా లుంగీ ముక్కయినా పెద్ద వైపే పొడుగు అనుకోవడం చేతికి అలవాటు. ఆ లెక్కన ముక్కలు అడ్డం తిరిగాయి. గుడ్డ చాలకపోతే అయినా అనుమానం వచ్చేది. కావాల్సిన 32 ముక్కలూ అడ్డం పరిచినా పట్టాయి, పక్కన మిగిలిన పట్టీలో చెవులు కూడా సర్దుకున్నాయి. కాబట్టి ఏ హెచ్చరికా రాలేదు.

పరీక్ష చాలా తేలిక. గుడ్డ మీద 10 సెం.మీ. దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి స్కేలు పక్కన లాగాలి, ముందు ఒక దిక్కున, తర్వాత రెండో దిక్కున. ఈ గుడ్డ పన్నా వైపు 12.5 సెం.మీ. దాకా సుఖంగా సాగింది, పొడుగు వైపు 10.5 దాటలేదు. ఎక్కువ సాగే దిక్కు తల చుట్టూ రావాలి. పేపర్ ప్యాటర్న్ మీద నిలువు గీత గీసి ఊరుకోకుండా, అడ్డంగా రెండు వైపులా బాణం గుర్తు పెట్టి 'సాగే వైపు' అని రాసుకోవాలి. అది రాస్తే అంచు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

మంచివైపు (బయటికి కనబడాల్సిన వైపు) ఏదో తేల్చడానికి కూడా ఇదే సమయం. పన్నా వైపు సాగేలా కోసిన అంచును పట్టుకుని లాగితే గుడ్డ తిరగవైపుకు చుట్టుకుంటుంది. నూగు ఉండలు కట్టకుండా చేసే పని చాలా రకాల్లో మంచివైపే చేస్తారు, అది లోపలికి పోతే రెండు ఉతుకుల్లోనే టోపీ పాతబడుతుంది. ఇక నూగు వాలు. చేత్తో నిమిరితే ఒక దిక్కున నునుపుగా, రెండో దిక్కున గరుకుగా ఉంటుంది. నునుపు దిక్కు నెత్తి నుంచి కిందికి ఉండాలి, అన్ని ముక్కలకూ ఒకే తీరున ఉండాలి. నల్ల గుడ్డలో ఒక్క ముక్క తలకిందులైనా వెలుతురులో వేరే రంగులా కనబడుతుంది.

మన ఇళ్ళలో చలికి అలవాటైంది ఉన్ని మంకీ క్యాప్. అది చేత్తో లాగితే ఎంతైనా సాగుతుంది కాబట్టి ఒకే సైజు ఇంటిల్లిపాదికీ నడుస్తుంది. ఫ్లీస్‌కు ఆ గుణం లేదు, తల కొలత తీసుకోవాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో తల చుట్టుకొలత మధ్యస్థ విలువ మూడేళ్ళకు ఆడపిల్లల్లో 48.5, మగపిల్లల్లో 49.5 సెం.మీ., ఐదేళ్ళకు 49.9, 50.7. ఒకే వయసు పిల్లల్లోనే రెండు సెం.మీ. అటూ ఇటూ మామూలు. కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక ఉబ్బెత్తు మీదుగా టేపు చుట్టి కొలవాలి. ఈ వయసువాళ్ళకు రెండు సైజులు చాలు. 48 నుంచి 50 దాకా ఉన్న తలలకు కుట్టిన తర్వాత 48 సెం.మీ. వచ్చే టోపీ, 50 నుంచి 53 దాకా ఉన్నవాళ్ళకు 50 సెం.మీ. టోపీ. సాగే గుడ్డ కాబట్టి తలకన్నా కొంచెం తక్కువే ఉండాలి. జాకెట్టుకు వదిలినట్టు వదులు కలిపితే టోపీ కళ్ళ మీదకు జారుతుంది.

నడినెత్తిన మొన

ప్యాటర్న్ ఎలా గీశారో చూస్తే ఇది అర్థమవుతుంది. టోపీ నాలుగు ముక్కలది. ఒక్కో ముక్క కుట్టిన తర్వాత 12.5 సెం.మీ. వెడల్పు. కింద 6 సెం.మీ. నిటారుగా, దాని పైన 13 సెం.మీ. ఎత్తున త్రిభుజం. స్కేలుతో రెండు గీతలు గీసి మొన దగ్గర కలిపేశారు. ఆ మొన కోణం దాదాపు 51 డిగ్రీలు, నాలుగూ కలిపితే 205 చుట్టూ. చదునైన నెత్తికి 360 కావాలి. 205తో కుట్టిన టోపీ నెత్తి మీద గరాటులా లేవక ఏం చేస్తుంది? పైగా త్రిభుజం మధ్యలో వెడల్పు చాలక టోపీ కిందికి దిగదు, పిల్లల చెవులు బయటే మిగులుతాయి.

కావాల్సింది వంపు గీత. 50 సెం.మీ. సైజుకు కుట్టు మార్జిన్ (కుట్టుకు బయట వదిలే గుడ్డ) లేకుండా కొలతలు ఇలా పెట్టుకోవాలి. నిటారు భాగం 6 సెం.మీ. అక్కడి నుంచి పైకి వంపు మొదలు. మొదట్లో వెడల్పు 12.5, 4.3 సెం.మీ. ఎత్తున 10.8, 8.7 ఎత్తున 6.6, 11 ఎత్తున 3.5, 13 ఎత్తున సున్నా. ఈ చుక్కల్ని చేత్తో సాఫీగా కలిపితే మొన దగ్గర కోణం 82 డిగ్రీల చుట్టూ వస్తుంది, నాలుగూ కలిపి 330కి దగ్గర. 360కి ఆ కాస్త లోటు ఉండడమే మంచిది, గుడ్డ సాగుడు దాన్ని గుండ్రం చేసుకుంటుంది. ఒక్కో కోణం 90 దాటితే మాత్రం నెత్తి మీద కుచ్చులు పడతాయి, వాటిని ఏం చేసినా సర్దలేం.

48 సెం.మీ. సైజుకు వెడల్పు 12, నిటారు భాగం 5.5, వంపు 12.5 సెం.మీ. మధ్య కొలతలన్నీ అదే నిష్పత్తిలో తగ్గించుకోవాలి.

కుట్టు మార్జిన్ 6 మి.మీ. అంతకన్నా ఎక్కువ వద్దు. ముందు ముందు బిగించుకోవచ్చనో వదులు చేసుకోవచ్చనో జాకెట్టు పక్కల్లో అంగుళం వదిలే అలవాటే ఆ లోపలి ముడికి కారణం. ఈ టోపీల్లో మార్జిన్ దాదాపు 12 మి.మీ. ఉంది. నాలుగు కుట్లు కలిసే చోట ఎనిమిది పొరలు పోగవుతాయి, ఒక్కో పొర రెండున్నర మి.మీ. పైచిలుకు. అది పిల్లల నెత్తిన గోలీ పెట్టినట్టే.

కుట్టే వరస కూడా దీని కోసమే. ముందు రెండు ముక్కలు కలిపి ముందు సగం, వెనక రెండు కలిపి వెనక సగం. ఆ కుట్ల మార్జిన్లను వేలి గోటితో అటొకటి ఇటొకటి విప్పి, మొనకు దగ్గరగా చివరి 2 సెం.మీ.లో 3 మి.మీ.కు కత్తిరించాలి. ఆ తర్వాత ఒక చెవి నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి దాకా ఒకే పొడుగు కుట్టు. ముందు సగం మొన, వెనక సగం మొన సరిగ్గా ఎదురెదురుగా రావడానికి అక్కడ ముందే నాలుగు కచ్చా కుట్లు వేసుకోవాలి. గుండుసూది ఒక్కటే నమ్ముకుంటే మెషిను పాదం కిందికి వెళ్ళేసరికి పై పొర ముందుకు జరుగుతుంది.

చెవులు

ఆ పొడుగు కుట్టులోనే చెవులు ఇరికించాలి. పైన అతికించినట్టు కుట్టిన చెవి ఎంత గట్టిగా కుట్టినా వాలుతుంది. కుట్టులో ఇరికినది లోపలి మార్జిన్ ఆసరాతో నిలబడుతుంది.

నక్క చెవులు కుట్టులోనే ఉన్నాయి, అయినా పడ్డాయి. విప్పి చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి. చెవి అడుగు 8 సెం.మీ., ఎత్తు 10, అంటే అడుగు కన్నా ఎత్తు ఎక్కువ. సాగే దిక్కు నిలువుగా వచ్చింది, కాబట్టి చెవి తన బరువుకు తానే వంగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా అడుగు చదునుగా కుట్టారు. చదును పలక ఒక గీత మీద నిలబడదు, దానికి లోతు కావాలి.

మార్చిన చెవి: అడుగు 8, ఎత్తు 8 సెం.మీ., సాగే దిక్కు అడ్డంగా. పైముక్క నారింజ, లోపలి ముక్క పాల తెలుపు. రెండూ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి 6 మి.మీ. లోపల కుట్టి, మార్జిన్‌ను 3 మి.మీ.కు కోసి, కొస దగ్గర అడ్డంగా తెగ్గోసి, తిరగేయాలి. కొసను సూదితోనో కత్తెర మొనతోనో పొడిస్తే గుడ్డ చిల్లు పడుతుంది, మొద్దుగా ఉన్న చాప్‌స్టిక్కో రీఫిల్ తీసేసిన పెన్నో వాడాలి. లోపల అదే ఫ్లీస్ ముక్క ఒకటి, చుట్టూ 6 మి.మీ. చిన్నదిగా కోసి దూర్చాలి. దూది, పాలీఫిల్ వద్దు, చెవి ఉబ్బి ఉతికినప్పుడల్లా ఉండలు కడుతుంది. కాన్వాస్ అంటించడం కూడా వద్దు, ఇస్త్రీ తప్పదు కాబట్టి.

ఇప్పుడు అడుగు మధ్యలో తెల్ల వైపుకు 2 సెం.మీ. తగ్గేలా ఒక మడత వేస్తే 8 కాస్తా 6 అవుతుంది, చెవి దొన్నెలా లోపలికి వంగుతుంది. ఆ మడతను 4 మి.మీ. లోపల కచ్చా కుట్టు వేసి ఆపాలి. చెవి తెల్ల వైపు ముందు సగం మంచివైపుకు ఆనేలా, కోసిన అంచులు కలిసేలా పెట్టాలి. నక్కకు నడినెత్తి నుంచి 3 సెం.మీ. కింద మొదలు పెట్టాలి. పిల్లికీ అదే దూరం, చెవి మాత్రం కాస్త చిన్నది, అడుగు 7, ఎత్తు 6.5. ఎలుగుబంటికి పైన గుండ్రంగా ఉండే చెవి, అడుగు 7, ఎత్తు 6, నెత్తి నుంచి 4 సెం.మీ. కింద. ఈ ఒక్క సెం.మీ. తేడాయే జంతువు పోలిక తెస్తుంది. ఎలుగుబంటి చెవులు పైకి జరిగితే చూసినవాళ్ళు ఎలుక అంటారు.

మార్జిన్‌లో కత్తెర గాట్లు పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, గాటు నూగులో మాయమవుతుంది. చాక్ గీత కూడా రెండు నిమిషాల్లో రాలిపోతుంది. వేరే రంగు దారంతో ఒక ముడి వేసి గుర్తు పెట్టుకోవాలి. చెవుల జాగాలు రెండు వైపులా కొలిచాకే కుట్టాలి.

చెవి దగ్గర పాదం మెట్టు ఎక్కినట్టు ఎక్కాలి, అక్కడే కుట్లు దాటవేస్తుంది. పాదం వెనక భాగం కింద అంతే మందం ఉన్న మడత ముక్క పెట్టి పాదాన్ని సమంగా చేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఆ రెండు సెం.మీ. దాటించాలి.

కుట్టు, అంచు

నల్ల టోపీల అంచు తెగడం, నారింజ టోపీల అంచు అలలెత్తడం ఎదురెదురు లోపాల్లా కనబడతాయి. రెండూ ఒకే చోట మొదలవుతాయి. టోపీకి నిలువు కుట్లు సాగని దిక్కున పోతాయి, కాబట్టి కాలి మెషిను తిన్నని కుట్టు వాటికి చాలు. అంచు కుట్టు మాత్రం సాగే దిక్కున పోతుంది. టోపీ తలకు తొడిగేటప్పుడు నాలుగైదు సెం.మీ. సాగాలి. గుడ్డ సాగుతుంది, కాటన్ దారంతో 1.5 మి.మీ. చొప్పున వేసిన బిగువు కుట్టు సాగదు, తెగుతుంది. నారింజవాటి అంచు ఓవర్‌లాక్ (అంచును కోస్తూ దారంతో చుట్టేసే మెషిను) మీద తిప్పారు. పాదం ఒత్తిడి ఎక్కువై గుడ్డను సాగదీస్తూ కుట్టడం వల్ల అలాగే సాగి నిలిచిపోయింది.

దారం పాలిస్టర్ కావాలి. సూది 14 నంబరు బాల్ పాయింట్. మామూలు పదును సూది అల్లికలోని దారాన్ని గుచ్చుకుని పోతుంది, బాల్ పాయింట్ పక్కకు తోసుకుని దిగుతుంది. కుట్టు పొడుగు 3 నుంచి 3.5 మి.మీ. పై దారం టెన్షన్ కాస్త వదులు, పాదం ఒత్తిడి తగ్గించాలి. జిగ్‌జాగ్ ఉన్న మెషిను అయితే వెడల్పు 1, పొడుగు 3 మి.మీ. ఓవర్‌లాక్‌లో డిఫరెన్షియల్ ఫీడ్ (ముందు, వెనక పళ్ళు వేర్వేరు వేగంతో గుడ్డను జరిపే ఏర్పాటు) ఉంటే 1.5 దగ్గర మొదలుపెట్టి, తుక్కు ముక్క మీద చూసుకుని పెంచాలి. రెండు మూడు టోపీలకొకసారి షటిల్ విప్పి నూగు దులపాలి. కుట్లు దాటవేస్తోందని సూది మీద సూది మార్చేవాళ్ళు ముందు బాబిన్ కేసు కింద చూడాలి, అక్కడ దుప్పటి పరిచినట్టు ఉంటుంది.

జిగ్‌జాగ్ లేని మెషినువాళ్ళకు ఒక దారి ఉంది, అసలు అంచు చుట్టూ కుట్టకపోవడం. పోగులూడని గుడ్డ కాబట్టి 5 సెం.మీ. లోపలికి మడిచి, నాలుగు నిలువు కుట్ల దగ్గర, వాటి నడుమ మరో నాలుగు చోట్ల చేత్తో నాలుగేసి కుట్లు వేస్తే చాలు. అంచు స్వేచ్ఛగా సాగుతుంది, తెగడానికి దారమే లేదు. చెవుల మీదకు రెండు పొరలు వస్తాయి. ఫ్లీస్ వెచ్చగా ఉంటుందే కానీ గాలిని పూర్తిగా ఆపదు, కాబట్టి ఘాట్ రోడ్డు గాలికి ఆ రెండో పొర అవసరమే.

మడతలో ఒక లెక్క ఉంది, చాలామంది వదిలేస్తారు. గుడ్డ మందం రెండున్నర మి.మీ. అయితే లోపలి పొర చుట్టుకొలత బయటి పొరకన్నా దాదాపు 1.6 సెం.మీ. తక్కువ ఉండాలి. రెండూ ఒకే వెడల్పు కోస్తే లోపలి పొర ముడతలు పడి నుదుటికి గుచ్చుకుంటుంది. అందుకే ముక్క అడుగున ఆ 5 సెం.మీ.లో వెడల్పు మెల్లగా 4 మి.మీ. తగ్గించాలి, ఒక్కో పక్క 2 మి.మీ. నాలుగు ముక్కలకు కలిపి సరిగ్గా ఆ 1.6 వస్తుంది. మార్జిన్లు కూడా కలుపుకుంటే 50 సైజు ముక్క కోసే కొలత 13.7 సెం.మీ. వెడల్పు, 24.6 పొడుగు.

మొహం

మెరుపు మచ్చలు ఇస్త్రీవే. మూతి ముక్కను జిగురు కాగితంతో అంటించడానికి పెట్టె నేరుగా ఆనించారు. పాలిస్టర్ 250, 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే నూగు మెత్తబడి అణిగిపోతుంది. అణిగిన నూగు మీద ఆవిరి దూరం నుంచి పట్టి బ్రష్షుతో లేపితే కొంత తేరుకుంటుంది, కరిగినది తేరుకోదు. జిగురు అక్కర్లేదు. మూతి ముక్కను మూడు చోట్ల కచ్చా కుట్టు వేసి, అంచుకు 2 మి.మీ. లోపల జిగ్‌జాగ్‌తోనో చేత్తోనో కుడితే చాలు. మొహం పని అంతా ముందు సగం పరిచి ఉన్నప్పుడే, అంటే పొడుగు కుట్టుకు ముందే ముగించాలి.

మూతి కోడిగుడ్డు ఆకారం, 9 సెం.మీ. అడ్డం, 6 నిలువు. దాన్ని మడత అంచుకు కనీసం 2 సెం.మీ. పైన పెట్టాలి, దాని సాగే దిక్కు కూడా అడ్డంగానే ఉండాలి. లేకపోతే టోపీ చుట్టుకొలతలో 9 సెం.మీ. సాగకుండా బిగుసుకుంటుంది. 50లో 9 తక్కువేమీ కాదు. నడుమ కుట్టు మొహం మీదుగా వస్తుందని కొందరు బెంగపడతారు. ఎలుగుబంటికి, పిల్లికి ముక్కు దాన్ని కప్పేస్తుంది. నక్కకు ఆ కుట్టు ఉంటేనే అందం, తెల్ల చెంపలు రెండూ దాని దగ్గరే కలుస్తాయి.

గుండీ కళ్ళు తీసేయాలి. పిల్లల వస్తువుల్లో చిన్న భాగాల పరీక్షకు వాడే గొట్టం లోపలి వ్యాసం 31.7 మి.మీ. అందులో పట్టేసేది ఏదైనా ఊడితే మూడేళ్ళలోపు పిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. 12 మి.మీ. గుండీ సంగతి చెప్పక్కర్లేదు. ఈ టోపీలు ఇంటికి వెళ్ళాక చిన్న తమ్ముడి చేతికీ వెళ్తాయి. నల్ల ఫ్లీస్‌లో 1.8 సెం.మీ. వృత్తాలు కోసి చుట్టూ కుట్టి, పైన తెల్ల దారంతో ఒక చుక్క పెడితే చూపు వస్తుంది. మెడ కింద కట్టే తాళ్ళు కూడా వద్దు, ఆట వస్తువులకు చిక్కుకుంటాయి.

తిరిగొచ్చినవాటిని ఏం చేశారు

పారేయలేదు. త్రిభుజం ముక్కలకు వెడల్పు కలపలేం కాబట్టి మొననే తీసేశారు. ముక్క నడుమ మీద మొన నుంచి 4.4 సెం.మీ. కింద చుట్టూ కోశారు. కుట్టు గీత 5 దగ్గర పడుతుంది, అక్కడ టోపీ చుట్టు 19 సెం.మీ. పైన. 7.3 సెం.మీ. వ్యాసంతో గుండ్రని బిళ్ళ కోసి, నాలుగు గుర్తులు పెట్టుకుని కుట్టారు. లోపలి ముడి మొనతోపాటే పోయింది. బిళ్ళ వల్ల తగ్గిన ఎత్తును కింది మడత 5 నుంచి 3 సెం.మీ.కు విప్పి రాబట్టారు. ఎలుగుబంటి చెవులు మొనకు 6 సెం.మీ. పైగా దిగువన ఉన్నాయి, కాబట్టి కదపక్కర్లేదు. నక్క చెవులు ఎలాగూ కొత్తవి. ఓవర్‌లాక్ అంచు కోసేసి, మడత ఆ మేరకు తగ్గించారు.

పిల్లి టోపీలకు ఇంకో పని పడింది. సాగని గుడ్డ టోపీ తలకన్నా ఒకటిన్నర, రెండు సెం.మీ. ఎక్కువ ఉండాలి. వెనక నడుమ కుట్టును అంచు నుంచి 12 సెం.మీ. విప్పి, అడుగున 3 సెం.మీ., పైన సున్నాగా ఉండే నల్ల ముక్కను ఇరికించి కుట్టారు. మార్జిన్‌తో కోసిన వెడల్పు 4.2, ఈసారి సాగే దిక్కు అడ్డంగానే. 50 కాస్తా 53 అయింది, 51 తలకు సరిపోయింది. నల్ల చార పిల్లి చారలాగే ఉంది కాబట్టి ఎవరూ అతుకు అనుకోలేదు. దిక్కు తప్పి కోసిన గుడ్డను ఇంతకు మించి రక్షించలేం. 53 తలవాళ్ళకు కొత్తగా కోయాల్సిందే.

మెరుపు పడిన నల్ల టోపీల్లో మచ్చ మూతికి దగ్గరగా ఉన్నవాటికి మూతి ముక్కను 9 బదులు 10.5 సెం.మీ. పెట్టి కప్పేశారు.

అప్పగించేటప్పుడు ప్రతి టోపీతో చీటీ ఒకటి వెళ్ళింది. తిరగేసి చన్నీళ్ళలో ఉతకాలి, బ్లీచు, సాఫ్ట్‌నర్ వద్దు, నీడన ఆరేయాలి, ఇస్త్రీ చేయొద్దు. లంబసింగి బృందానికి ఇంకో మాట కూడా కలిపారు. చలిమంట దగ్గర కూర్చునేటప్పుడు టోపీ తీసేయాలి. పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఇంట్లో నెలల పాప ఉంటే ఈ టోపీ తొడిగి నిద్రపుచ్చొద్దని కూడా రాశారు. నవజాత శిశువు తొలి గంటలు దాటాక ఇంట్లో టోపీ పెట్టొద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సురక్షిత నిద్ర సూచనలు చెబుతున్నాయి.